రెండు పింఛన్ల నడుమ: ఖమ్మం–భద్రాచలం అడవి అంచున సర్వీసు పింఛను, ఆసరా పింఛను

పింఛను అనే మాటకు మన పల్లెల్లో రెండు అర్థాలున్నాయి. కొలువు చేసి దిగిపోయినోళ్లకు నెలనెలా వచ్చేది ఒకటి. పని చేసే సత్తువ పోయి, చూసే దిక్కు లేనోళ్లకు సర్కారు ఇచ్చేది ఇంకొకటి. మొదటి రకం మనిషిని ఊళ్లో సారు అంటారు. రెండో రకం మనిషి వేలిముద్ర పడక పోస్టాఫీసు గడప దగ్గర కూచుని ఉంటుంది. ఈ ఇద్దరికీ మధ్య మూడో మనిషి ఒకరున్నారు. కాగితం మీద సర్వీసు పింఛనుదారు, ఇంట్లో మాత్రం ఆసరా లేని మనిషి. కొత్తగూడెం, ఇల్లందు, మణుగూరు బాయిల చుట్టూ ఉన్న దళితవాడల్లో ఈ మూడో రకం ఎక్కువ. ఈ వ్యాసం వాళ్ల గురించి.

కార్యకర్తలు, విద్యార్థులు మమ్మల్ని తరచుగా అడిగే ప్రశ్న ఇది: ఒక పింఛను వస్తే రెండోది పోతుందా? దేనివల్ల ఏది పోతుంది? సూటిగా చెప్పాలంటే, ఆసరా తీసుకున్నందుకు సర్వీసు పింఛనులో ఎవరూ కోత పెట్టరు. సర్వీసు పింఛను ఉన్నందుకు ఆసరా ఇవ్వరు, ఇచ్చి ఉంటే తిరిగి కట్టమంటారు. దెబ్బ ఎప్పుడూ ఒకే వైపు నుంచి పడుతుంది. అది ఎవరి వీపు మీద పడుతుందో తెలియాలంటే ముందు ఈ పింఛన్లు ఎన్ని రకాలో విడదీసి చూడాలి.

ఒకే పేరు, నాలుగు వస్తువులు

మొదటిది ప్రభుత్వ సర్వీసు పింఛను. దీనికి ఆధారం 1980 నాటి సవరించిన పింఛను నిబంధనలు. పదేళ్లకు తక్కువ కాకుండా అర్హత గల సర్వీసు ఉండాలి. పూర్తి సర్వీసు చేసినవారికి చివరి జీతంలో సగం వస్తుంది. ధరలు పెరిగినప్పుడల్లా కరువు భృతి పెరుగుతుంది. వేతన సవరణ వచ్చినప్పుడల్లా అసలు మొత్తం కూడా పెరుగుతుంది. తెలంగాణలో 2020 వేతన సవరణ తర్వాత దీని కనీస మొత్తం 9,500 రూపాయలు. ఈ మెట్టు కిందికి ఎవరూ దిగరు. అయితే 2004 సెప్టెంబర్ 1 తర్వాత రాష్ట్ర సర్వీసులో చేరినవారికి ఇది లేదు. వాళ్లకు వచ్చింది కాంట్రిబ్యూటరీ పింఛను. జీతంలో 10 శాతం ఉద్యోగి, అంతే మొత్తం సర్కారు జమ చేస్తే, చివరికి ఎంత వస్తుందో మార్కెట్టు చెబుతుంది.

రెండోది బొగ్గుగని కార్మికుల పింఛను. 1998 మార్చి 31 నుంచి అమల్లోకి వచ్చిన పథకం. 30 ఏళ్ల సర్వీసుకు సగటు జీతంలో 25 శాతం. సర్వీసు తగ్గితే ఆ లెక్కన తగ్గుతుంది. దీనికి కరువు భృతి లేదు. దిగిపోయిన రోజున ఎంత ఖాయమైందో ఇరవై ఏళ్ల తర్వాతా అంతే. భర్త చనిపోతే భార్యకు అందులో 60 శాతం. నెలకు వెయ్యి రూపాయలు కూడా రానివాళ్లు ఏళ్ల తరబడి వేల సంఖ్యలో ఉన్నారు. కార్మిక సంఘాలు పాతికేళ్లు అడగ్గా అడగ్గా 2024లో కనీస మొత్తాన్ని 1,000 రూపాయలు చేశారు.

మూడోది 1995 నవంబర్ 16న మొదలైన ఉద్యోగుల పింఛను పథకం, అంటే పీఎఫ్ పింఛను. ఆర్టీసీ కార్మికులు, మిల్లు కార్మికులు, పీఎఫ్ కట్టే కాంట్రాక్టు కార్మికులు దీని కిందికి వస్తారు. 2014 సెప్టెంబర్‌లో దీని కనీస మొత్తాన్ని 1,000 రూపాయలుగా నిర్ణయించారు. దీనికీ కరువు భృతి లేదు.

నాలుగోది సామాజిక పింఛను. కేంద్రం 1995 ఆగస్టు 15న జాతీయ సామాజిక సహాయ కార్యక్రమం మొదలుపెట్టినప్పుడు వృద్ధులకు తన వాటాగా నెలకు 75 రూపాయలు ఇచ్చింది. తర్వాత ఆ వాటాను 200 చేసి, 80 ఏళ్లు దాటినవారికి 500 చేసి ఊరుకుంది. మిగతా భారం రాష్ట్రాలదే. తెలంగాణలో 2014 నవంబర్ 8న ఆసరా మొదలైంది. వృద్ధులకు, వితంతువులకు అప్పుడు 1,000 రూపాయలు. 2019లో 2,016 చేశారు. వృద్ధాప్య పింఛను వయసును 2021లో 65 నుంచి 57కు తగ్గించారు. 2023 ఎన్నికల్లో కాంగ్రెస్ పార్టీ ఈ మొత్తాన్ని 4,000 చేస్తామని హామీ ఇచ్చింది.

మొదటి మూడూ పని చేసిన మనిషికి వచ్చేవి. నాలుగోది పౌరుడైన మనిషికి వచ్చేది. 1982 డిసెంబర్‌లో నకారా కేసులో సుప్రీంకోర్టు రాజ్యాంగ ధర్మాసనం సర్వీసు పింఛను యజమాని దయ కాదనీ, చేసిన పనికి దక్కే హక్కనీ తేల్చింది. ముసలితనంలో, నిరుద్యోగంలో, జబ్బులో రాజ్యం తన శక్తి మేరకు ఆదుకోవాలని రాజ్యాంగం 41వ అధికరణం చెబుతోంది. రెండింటి పునాదులూ వేరు. ఒకటి పనిలోంచి పుట్టింది, ఇంకొకటి పౌరసత్వంలోంచి పుట్టింది. అలాంటప్పుడు ఒకటి రెండోదాన్ని ఎట్లా రద్దు చేస్తుంది?

ఉత్తర్వు ఏం అంటున్నది

ఆసరాకు మూలం 2014 నవంబర్ 5 నాటి 17వ నంబరు ఉత్తర్వు. ఎవరికి ఇవ్వాలో చెప్పిన తర్వాత ఎవరికి ఇవ్వకూడదో అందులో ఒక జాబితా ఉంది. మూడెకరాల తరి లేదా ఏడున్నర ఎకరాల మెట్ట దాటినవారు, మిల్లులు, పెట్రోలు బంకులు ఉన్నవారు, కార్లు ఉన్నవారు ఆ జాబితాలో ఉన్నారు. దానితో ఎవరికీ పేచీ లేదు. అదే జాబితాలో ఇంకో రెండు మాటలున్నాయి. ఇప్పటికే ప్రభుత్వ పింఛను పొందుతున్నవారు ఒకటి. పిల్లలు ప్రభుత్వ, ప్రభుత్వరంగ, ప్రైవేటు, ఔట్‌సోర్సింగ్, కాంట్రాక్టు ఉద్యోగాల్లో ఉన్నవారు రెండోది.

భూమికి ఎకరాల లెక్క పెట్టిన ఉత్తర్వు పింఛనుకు రూపాయల లెక్క పెట్టలేదు. రెండెకరాల తరి ఉన్న రైతును పేదవాడిగానే చూస్తుంది. పింఛను దగ్గరికి వచ్చేసరికి ఎంత అని అడగదు, ఉందా లేదా అనే అడుగుతుంది. 50,000 తీసుకునే ఇంజనీరూ, వెయ్యి లోపు తీసుకునే ఫిల్లరు భార్యా ఒకే గీత కింద పడతారు. బొగ్గుగని పింఛనూ, పీఎఫ్ పింఛనూ 'ప్రభుత్వ పింఛను' కిందికి వస్తాయా రావా అన్నది కూడా ఆ మాటలో తేలదు. దాంతో ఆ నిర్ణయం దరఖాస్తు చూసే మనిషి చేతిలో పడుతుంది. దాన్ని ఎవరికి అనుకూలంగా చదువుతారో మన వాడలకు కొత్తగా చెప్పనక్కర్లేదు.

ఒక లెక్క వేసి చూద్దాం. ఇది ఎవరో ఒకరి కథ కాదు, పథకం సూత్రం ప్రకారం వేసిన లెక్క. ఒక ఫిల్లరు సగటు జీతం 6,000 దగ్గర, పింఛనుకు లెక్కకొచ్చే సర్వీసు 24 ఏళ్ల దగ్గర దిగిపోయాడనుకుందాం. 30 ఏళ్లకు 25 శాతమైతే 24 ఏళ్లకు 20 శాతం. అంటే 1,200 రూపాయలు. అతను చనిపోతే భార్యకు 60 శాతం, అంటే 720. ఆ 720 కోసం అతని జీతంలో నెలనెలా కోత పడింది. ఇప్పుడు ఆమె ఆసరాకు దరఖాస్తు పెడితే నీకు పింఛను వస్తున్నది గదా అని తిప్పి పంపారనుకోండి. 2,016 రావలసిన ఇంట్లోకి 720 వస్తుంది. ఆ పింఛనే లేకపోయి ఉంటే ఆమెకు 1,296 ఎక్కువ వచ్చేది. కనీస మొత్తం 1,000 అన్న 2024 నిర్ణయాన్ని లెక్కలోకి తీసుకున్నా 1,016 రూపాయలు నష్టమే.

అంటే మొగుడు బాయి దిగి సంపాదించిన హక్కు పెళ్లానికి జరిమానా అయింది. పేరు గొప్ప ఊరు దిబ్బ అన్న సామెత ఇట్లాంటి పింఛను గురించే పుట్టిందేమో.

ఎవరు ఏ పింఛనులో ఎందుకు ఉన్నారు

ఈ నష్టం అందరికీ సమానంగా ఎందుకు పడదు? జవాబు కొలువుల చరిత్రలో ఉంది.

ఇల్లందు దగ్గర 1871లో బొగ్గు జాడ కనిపెట్టారు. 1920లో సింగరేణి కాలరీస్ కంపెనీ ఏర్పడింది. భూమి లేని కులాలు ఊరి వెట్టి నుంచి తప్పించుకుని బాయిల దారి పట్టాయి. ధనబాద్ గనులను 1943 డిసెంబర్‌లో స్వయంగా చూసొచ్చిన కార్మిక సభ్యుడు డాక్టర్ అంబేద్కర్, ఆ తర్వాతి నెలలోనే బొగ్గుగని కార్మికుల సంక్షేమ నిధి ఆర్డినెన్సు తెచ్చాడు. గనిలో పనిచేసేవాళ్లు ఎవరో ఆయనకు తెలుసు. సింగరేణిలో తట్టా చెమ్మస్ పట్టిన ఫిల్లర్లలో మాల, మాదిగ, వెనుకబడిన కులాల వాళ్లే ఎక్కువ. ఆఫీసు బల్లల దగ్గర కులాల వరస వేరు. పింఛను సగటు జీతం మీద, సర్వీసు మీద లెక్క కడతారు కాబట్టి పనిలో ఉన్న తేడా పింఛనులోకీ వచ్చింది. జబ్బులతో మస్టర్లు పడనివాడికి, మధ్యలో అన్‌ఫిట్ అయినవాడికి, స్వచ్ఛంద విరమణ పేరుతో ముందే దింపినవాడికి సర్వీసు ఎట్లా నిండుతుంది? 1990ల మొదట్లో లక్ష దాటిన కార్మికుల సంఖ్య 2020 తర్వాత 45 వేల లోపుకు పడిపోయింది. దిగిపోయినోళ్లు ఉన్నోళ్లకంటే ఎక్కువైన కంపెనీలో పింఛను ఎంత పెద్ద ప్రశ్నో వేరే చెప్పాలా?

ఇక సర్కారు కొలువు. ఊళ్లలో, బడుల్లో, ఆఫీసుల్లో ఊడ్చిన దినకూలీలను, పార్ట్‌టైం వాళ్లను పర్మినెంటు చేయకుండా 1994లో 2వ నంబరు చట్టం వచ్చింది. దాని వెంట వచ్చిన 212వ ఉత్తర్వు ప్రకారం 1993 నవంబర్ 25 నాటికి ఐదేళ్లు నిండినవారికే దారి ఉంది. మిగిలినవాళ్లు ఇరవై ముప్పై ఏళ్లు ఊడ్చినా సర్వీసు లేనోళ్లే. వెట్టి, మస్కూరి, నీరటి పేర్లతో తరాలుగా గ్రామ చాకిరీ చేసిన దళిత కుటుంబాలు వీఆర్ఏలుగా పేరు మారినా పింఛను దాకా రాలేదు. తెలంగాణ ప్రభుత్వం వాళ్లను ఇతర శాఖల్లో పేస్కేలు మీద సర్దింది 2023లో. అంతకు ముందే దిగిపోయిన ముసలోళ్లకు దానివల్ల ఒరిగింది లేదు.

చదువుకున్న మొదటి తరం సంగతీ చూడాలి. వాడల్లోంచి టీచరు, నర్సు, గుమాస్తా ఉద్యోగాలకు పిల్లలు పెద్ద సంఖ్యలో చేరుతున్న కాలానికి, 2004 సెప్టెంబర్‌లో, పాత పింఛను తలుపు మూశారు. రిజర్వేషను వల్ల కొలువు దక్కింది, కొలువుతో రావలసిన ముసలితనపు భరోసా దక్కలేదు. మేమూ ఆ తరం వాళ్లమే.

అడవి అంచున ఇంకో చిక్కు ఉంది. షెడ్యూలు ప్రాంతంలో భూమి గిరిజనేతరుల చేతుల్లోకి పోకుండా 1970లో వచ్చిన ఒకటవ నంబరు రెగ్యులేషను అడ్డుపడుతుంది. జనం దీన్ని 1/70 అంటారు. అది న్యాయమైన చట్టం, ఆదివాసులు పోరాడి నిలబెట్టుకున్నది. దాన్ని సడలించమని మేము అడగం. అయితే భూమి కొల్లగొట్టిన వలస భూస్వామీ, ఊరి చివర గుడిసె తప్ప ఏమీ లేని మాదిగ కుటుంబమూ చట్టం దృష్టిలో ఒకే 'గిరిజనేతరులు'. 2006 అటవీ హక్కుల చట్టం కింద ఆదివాసేతరులు పట్టా పొందాలంటే 75 ఏళ్ల నివాసం రుజువు చేయాలి. కూలికి వచ్చి స్థిరపడిన దళిత కుటుంబం ఆ కాగితం ఎక్కడ తెస్తుంది? భూమి లేదు, పోడు లేదు. మిగిలింది బాయి, మిల్లు, మిర్చి తోటలో కైకిలి, పంచాయతీలో చీపురు. అందుకే ఈ ప్రాంతంలో దళితుల ముసలితనం మిగతా వాళ్లకంటే ఎక్కువగా పింఛను మీద ఆధారపడి ఉంది.

ఆసరా ఉత్తర్వులో 'పిల్లల ఉద్యోగం' అన్న మాట కూడా ఇక్కడే గుచ్చుకుంటుంది. గ్రామ పంచాయతీ కార్మికుల జీతం 2019లో నెలకు 8,500 రూపాయలుగా నిర్ణయించారు. ఆ చీపురు పట్టిన కొడుకు ఉన్నాడని తల్లికి పింఛను ఆపవచ్చు, ఉత్తర్వు అందుకు వీలిస్తున్నది. కొడుక్కి కొలువుందని తల్లి పింఛను పోతుంది, ఆ కొలువుకు పింఛను లేదు గనుక రేపు కొడుకూ ఆసరా కోసం అదే గడప దగ్గర కూచోవాలి.

నోటీసు వచ్చిన ఏడాది

2024 జులైలో ఈ విషయం రాష్ట్రమంతటికీ తెలిసింది. భద్రాద్రి కొత్తగూడెం జిల్లాలో ఒక వృద్ధురాలికి నోటీసు వచ్చింది. ప్రభుత్వ సర్వీసు కుటుంబ పింఛను పొందుతూ ఆసరా కూడా తీసుకున్నందుకు లక్షన్నరకు పైగా సొమ్ము తిరిగి కట్టమన్నారు. రెండు పింఛన్ల జాబితాలను కంప్యూటర్లో పక్కపక్కన పెట్టి చూస్తే బయటపడిన పేర్లలో ఆమెది ఒకటి. పత్రికలు రాశాయి, ప్రతిపక్షం మాట్లాడింది. మార్గదర్శకాలు వచ్చేదాకా వసూళ్లు ఆపమని ప్రభుత్వం అధికారులకు చెప్పింది.

ఇక్కడ ఒక మాట నిజాయితీగా చెప్పుకోవాలి. కడుపు నిండా సర్వీసు పింఛను వచ్చేవారు ఆసరా కూడా తీసుకోవడం తప్పు. ఆ సొమ్ము ఇంకో పేద మనిషిది. ఏరివేత పేరెత్తితేనే అన్యాయమని మేము అనడం లేదు. అయితే మంజూరు చేసింది ఎవరు? ఏళ్ల తరబడి నెలనెలా పంపింది ఎవరు? చదువురాని ముసలమ్మ ఉత్తర్వులోని మినహాయింపుల జాబితా చదివి తనంతట తాను వద్దనాలా? యజమాని పొరపాటున ఎక్కువ చెల్లించిన జీతాన్ని కింది తరగతి ఉద్యోగుల నుంచి, దిగిపోయినవారి నుంచి తిరిగి వసూలు చేయరాదని 2014 డిసెంబర్‌లో రఫీక్ మసీహ్ కేసులో సుప్రీంకోర్టు చెప్పింది. ఆ తీర్పు ఉద్యోగుల గురించినది, ఆసరాకు నేరుగా వర్తించదు. కానీ దానిలోని న్యాయం ముసలమ్మకు ఎందుకు వర్తించకూడదు అని అడిగే హక్కు మనకుంది. తినేసిన బియ్యం డబ్బు పదేళ్ల తర్వాత ఎవరు తిరిగి కట్టగలరు?

గీతకు అవతల

భద్రాచలంలో ఉన్నవాళ్లకు ఇంకో పోలిక కళ్లెదుటే ఉంది. పోలవరం కోసం 2014లో ఖమ్మం జిల్లా నుంచి ఏడు మండలాల ప్రాంతాన్ని ఆంధ్రప్రదేశ్‌లో కలిపారు. పట్టణం తెలంగాణలో మిగిలింది, దాన్ని ఆనుకుని ఉన్న ఏటపాక అవతలికి పోయింది. చుట్టాలు అటూ ఇటూ ఉన్నారు. 2024 జులై 1న ఆంధ్రప్రదేశ్‌లో వృద్ధాప్య పింఛను 4,000 అయింది. మూడు నెలల బకాయిలు కలిపి ఆ రోజు 7,000 ఇచ్చారు. అదే నెల భద్రాచలంలో పింఛను 2,016.

మొత్తం కంటే మాకు ముఖ్యమైంది ఇంకొకటి. ఆంధ్రప్రదేశ్‌లో 2019 డిసెంబర్ నాటి నిబంధనల్లో కూడా కుటుంబంలో ప్రభుత్వ ఉద్యోగి గానీ పింఛనుదారు గానీ ఉంటే అర్హత లేదన్నారు. కానీ పారిశుద్ధ్య కార్మికులకు మినహాయింపు ఇచ్చారు. పల్లెల్లో కుటుంబ ఆదాయానికి నెలకు 10,000 అని ఒక అంకె కూడా పెట్టారు. ఆ నిబంధనలు అన్ని విధాలా గొప్పవని కాదు. కరెంటు యూనిట్ల లెక్కతో ఎంతోమందిని తీసేసిన నిబంధనలే అవి. అయినా చీపురు పట్టే కొలువు, కలం పట్టే కొలువు ఒకటి కాదని ఒక సర్కారు కాగితం మీద ఒప్పుకుంది. గోదావరి ఒడ్డున ఒక ఊళ్లో ఒప్పుకున్నది పక్క ఊళ్లో ఎందుకు ఒప్పుకోరాదు?

దూరదేశాల్లో కూడా ఈ పేచీ నడిచింది. అమెరికాలో టీచర్లు, పోలీసులు, అగ్నిమాపక సిబ్బంది వంటివారిలో చాలామందికి సర్వీసు పింఛను ఉందని సోషల్ సెక్యూరిటీ సొమ్ములో కోత పెట్టే నిబంధనలు 1977లో, 1983లో వచ్చాయి. నలభై ఏళ్లు పోరాడితే 2025 జనవరి 5న వాటిని రద్దు చేసే చట్టం మీద అధ్యక్షుడు సంతకం చేశాడు. దాదాపు 30 లక్షల మందికి అది ఊరట. బ్రిటన్‌లో 1980కి ముందు పనిచేసిన ప్రభుత్వోద్యోగుల్లో చాలామందికి రాజ్య పింఛను వయసు రాగానే సర్వీసు పింఛనులో చిన్న కోత పడుతుంది. ఆ కోతకు సూత్రం ఉంది, హద్దు ఉంది. ఉందా లేదా అని అడిగి మొత్తం సున్నా చేసే పద్ధతి కాదు.

ఏం అడగాలి, ఏం చేయాలి

మేము చెప్పదలచింది ఒక్కటే. పింఛను ఉందా అని కాదు, ఎంత వస్తున్నది అని అడగాలి. ఆసరా మొత్తం కంటే తక్కువ సర్వీసు పింఛను వచ్చేవారికి ఆ తేడానైనా సర్కారు భర్తీ చేయాలి. పై లెక్కలోని మనిషికి 720 పోను 1,296 ఇస్తే చాలు, ఆమె పక్కింటి మనిషితో సమానమవుతుంది. ఖజానాకు అయ్యే ఖర్చు కూడా నిండు ఆసరా కంటే తక్కువే. కాంట్రాక్టు, ఔట్‌సోర్సింగ్ పిల్లలున్నారన్న కారణాన్ని తీసెయ్యాలి, కనీసం పారిశుద్ధ్య కార్మికుల ఇళ్లకైనా మినహాయించాలి. బొగ్గుగని పింఛనుకూ, పీఎఫ్ పింఛనుకూ కరువు భృతి ముడిపెట్టాలి. ఇందులో మొదటి రెండూ రాష్ట్రం ఒక సవరణ ఉత్తర్వుతో చేయగలిగినవి.

అవి వచ్చేదాకా వాడల్లో పనిచేసే మిత్రులు చేయదగినవి కొన్ని ఉన్నాయి. దరఖాస్తు తిప్పి పంపితే కారణం రాతపూర్వకంగా అడగండి. నోటి మాటతో వెనక్కి రావద్దు. ఇవ్వకపోతే 2005 సమాచార హక్కు చట్టం కింద దరఖాస్తు పెట్టండి, 30 రోజుల్లో జవాబు రావాలి. పింఛను మంజూరు కాగితం తీసి అది ఏ పథకం కింద వస్తున్నదో, నెలకు ఎంతో చూడండి. బొగ్గుగని, పీఎఫ్ పింఛన్లు కార్మికుడి సొమ్ము జమ అయిన నిధి నుంచి వచ్చేవని దరఖాస్తులోనే రాయండి. భర్త చనిపోయి కుటుంబ పింఛనుకు మారని కేసులు ఉన్నాయేమో వాకబు చేయండి. ఏ పింఛనూ చేతికి రాకుండానే పింఛనుదారు అనిపించుకునే ప్రమాదం వాళ్లకుంది. వసూలు నోటీసు వస్తే భయపడి సంతకం పెట్టనీయకండి. మంజూరు చేసిన తేదీ, మంజూరు చేసిన అధికారి హోదా అడుగుతూ జవాబు ఇప్పించండి.

విద్యార్థులకు ఒక పని. మీ వాడలో 57 దాటినవారి జాబితా రాయండి. ఎవరికి ఏ పింఛను, ఎంత, ఎవరికి ఏదీ లేదు, ఎందుకు లేదు అని నాలుగు గడులు గీసి నింపండి. సర్కారు దగ్గర జాబితాలున్నాయి, కానీ అవి తీసేయవలసిన పేర్లు వెతకడానికి తయారైనవి. రావలసిన పేర్లు వెతికే జాబితా మనమే తయారు చేసుకోవాలి. దాన్ని పట్టుకుని మండలాఫీసుకు పోతే మాట్లాడే తీరు మారుతుంది.